కాకినాడ వ్యాపారులు రాసిన కథలు

1964లో కాకినాడ వ్యాపారులు కొందరు శిక్షణ కోసం హైదరాబాదు వచ్చారు. వాళ్లు వచ్చిన సంస్థ పేరు సియెట్. ఇప్పుడు యూసుఫ్‌గూడలో ని-ఎంఎస్ఎంఈ అని పిలుస్తున్నది దాన్నే. పద్దులు రాయడమో, సరుకు అమ్మడమో కాదు అక్కడి అసలు పాఠం. బొమ్మలు చూపించి, వాటి మీద కథలు రాయించారు.

ఆ శిక్షణ వెనక ఉన్నది హార్వర్డ్ సైకాలజిస్టు డేవిడ్ మెక్‌లెలాండ్. ఏదైనా సాధించాలన్న తపన పుట్టుకతోనే రానక్కర్లేదు, నేర్పితే వస్తుందని ఆయన నమ్మకం. ఆ తపన ఎవరిలో ఎంత ఉందో వాళ్లు అల్లే కథల్లో పట్టుకోవచ్చన్నాడు. తర్వాత ఆరా తీస్తే, శిక్షణ పొందినవాళ్లు పొందనివాళ్లకంటే ఎక్కువగా కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారని, పెట్టుబడి పెంచారని తేలింది. 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి దీని మీద పుస్తకమే రాశాడు.

ఇందులో కౌన్సెలింగ్ లేదు. మనసు బాగోలేదని వచ్చినవాళ్లూ కారు. అయినా ఇది నూటికి నూరుపాళ్లూ సైకాలజీయే. అమ్మాయి సైకాలజీ చదువుతానంటే ‘కౌన్సెలరువి అవుతావా?’ అని తప్ప మరోమాట అడగని మన ఇళ్లలో ఈ కాకినాడ సంగతి తెలియాలి.

బొమ్మ చూసి కథ చెప్పే పరీక్ష 1930లలో హార్వర్డ్‌లోనే పుట్టింది. హెన్రీ మర్రే, క్రిస్టియానా మోర్గన్ దాన్ని తయారుచేశారు. మనసు లోతులు తెలుసుకోవడానికి పెట్టిన ఆ పరీక్షే ఇవాళ మన సైన్యంలో అధికారుల ఎంపికలోనూ ఉంది. ఆ ఎంపిక జరిపే ఎస్ఎస్‌బీకి వెళ్లొచ్చిన కుర్రాణ్ణి అడగండి, చెబుతాడు: బొమ్మ ముప్ఫై సెకన్లు కనిపిస్తుంది, నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. చివరిది ఖాళీ తెర. ఇంటర్వ్యూ చేసే అధికారి వేరు, సైకాలజిస్టు వేరు. సైకాలజిస్టు ఎదుట ఉండేది అభ్యర్థి రాసిన కాగితాలే. సైన్యం కోసం ఇలాంటి పరీక్షల మీద పరిశోధన చేయడానికి ఢిల్లీలో డీఆర్‌డీవో కింద ప్రత్యేక సంస్థే ఉంది.

మనిషికీ యంత్రానికీ మధ్య పొత్తు కుదర్చడం సైకాలజిస్టులు చేసే మరో పని. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 విమానాలు క్షేమంగా దిగాక, కొందరు పైలట్లు రెక్కల ఫ్లాపులకు బదులు చక్రాలను పైకి లాగేసేవారు. విమానం నేలమీద కూలబడేది. తప్పంతా పైలట్లదే అనుకున్నారు. ఆల్ఫన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు వెళ్లి చూస్తే, రెండు మీటలూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం తగిలిస్తే చెయ్యే గుర్తుపట్టింది. నేటికీ విమానాల్లో ఆ మీట పిడి చక్రం ఆకారంలోనే ఉంటుంది. ఫోన్ యాప్‌లో ఏ బటన్ ఎక్కడుంటే జనం పొరబడరో పరిశీలించే యూఎక్స్ పరిశోధకులు చేసేదీ ఇదే పని. నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి ఇది. ఎవరికీ తెలియకుండా ఎందరినో కాపాడుతుంది.

ఇంకా ఉన్నాయి. ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లలను అంచనా వేసి తగిన చదువు సూచించేవాళ్లు ఉన్నారు. సికింద్రాబాదులోని ఎన్ఐఈపీఐడీ ఈ రంగంలో జాతీయ సంస్థ. ఫోరెన్సిక్ ల్యాబుల్లో నిందితులకు పరీక్షలు చేసేవాళ్లున్నారు. మనిషి ఒప్పుకోకుండా లై డిటెక్టర్, నార్కో పరీక్షలు చేయకూడదని 2010లో సుప్రీంకోర్టు చెప్పాక వాళ్ల బాధ్యత మరింత పెరిగింది.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఏదో ఒక ఎం.ఏ. చాలదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన క్లినికల్ కోర్సు చదివి, అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. ఫీజు కట్టేముందే ఆ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. మిగతా దారుల్లో చాలావాటికి ఈ నమోదు అక్కర్లేదు, కానీ స్టాటిస్టిక్స్ గట్టిగా రావాలి. లెక్కలు తప్పించుకోవడానికి సైకాలజీ తీసుకుంటున్న పిల్లలకు ఆ సంగతి ఇప్పుడే చెప్పండి.