ట్రాక్టర్ ఇంజిన్‌లో థర్మోస్టాట్: తొలగించడం కాదు, పరీక్షించి మార్చడమే మార్గం

వేసవి దుక్కుల సమయంలో ఇంజిన్ అధికంగా వేడెక్కితే థర్మోస్టాట్‌ను తీసివేసి, అది లేకుండానే ట్రాక్టర్‌ను నడపడం కొందరు పాటించే పద్ధతి. తెలుగు రాష్ట్రాల వాతావరణం వేడిది కనుక ఈ భాగం అవసరం లేదన్న అభిప్రాయమే దీనికి మూలం. అయితే బయటి గాలి 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరినా, అది ఇంజిన్ సక్రమంగా పనిచేయడానికి కావలసిన ఉష్ణోగ్రత కంటే 35 డిగ్రీలకు పైగా తక్కువే.

పనిచేసే విధానం

థర్మోస్టాట్ సాధారణంగా సిలిండర్ హెడ్ నుండి రేడియేటర్‌కు నీరు వెళ్లే మార్గంలో ఉండే కవాటం. దానిలోని లోహపు గుళికలో మైనం నిండి ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కవాటం మూసుకొని ఉండటం వల్ల నీరు రేడియేటర్‌కు పోకుండా బైపాస్ మార్గంలో ఇంజిన్‌లోనే తిరుగుతుంది. నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద మైనం కరిగి, వ్యాకోచించి కవాటాన్ని తెరుస్తుంది. అనేక ఇంజిన్లలో ఇది సుమారు 82 డిగ్రీల వద్ద మొదలై, మరో 10 నుండి 15 డిగ్రీలు పెరిగేసరికి పూర్తవుతుంది.

తొలగిస్తే కలిగే నష్టం

థర్మోస్టాట్ లేని ఇంజిన్ త్వరగా వేడెక్కదు. తక్కువ భారంతో నడిచేటప్పుడు చల్లగానే ఉండిపోతుంది. ఇంధనం పూర్తిగా మండక డీజిల్ ఖర్చు పెరుగుతుంది. మండని డీజిల్ సిలిండర్ గోడల వెంట దిగి ఇంజిన్ ఆయిల్‌ను పలుచన చేస్తుంది. దహనంలో వెలువడే నీటి ఆవిరి చల్లని గోడలపై ద్రవంగా మారి, గంధక సమ్మేళనాలతో కలిసి ఆమ్లాలను ఏర్పరుస్తుంది. ఫలితంగా లైనర్లు, పిస్టన్ రింగులు త్వరగా అరుగుతాయి. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు బైపాస్ మార్గాన్ని మూసివేస్తుంది. అటువంటి ఇంజిన్‌లో దానిని తొలగిస్తే కొంత నీరు రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరిగి, ఇంజిన్ మరింత వేడెక్కవచ్చు.

లోపాన్ని గుర్తించడం

చాలాసేపు నడిచినా ఉష్ణోగ్రత ముల్లు కింది భాగంలోనే ఉంటే కవాటం తెరిచిన స్థితిలో బిగుసుకున్నట్లు అనుమానించాలి. ముల్లు వేగంగా పైకి వెళ్లినా రేడియేటర్ పై గొట్టం చల్లగానే ఉంటే మూసిన స్థితిలో బిగుసుకొని ఉండవచ్చు. ఈ స్థితిలో నడిపితే హెడ్ గాస్కెట్ దెబ్బతిని, సిలిండర్ హెడ్ వంకరపోయే ప్రమాదం ఉంది.

ఇంజిన్ వేడెక్కడానికి థర్మోస్టాట్ ఒక్కటే కారణం కాదు. కూలెంట్ తగ్గడం, ఫ్యాన్ బెల్టు వదులవడం, రేడియేటర్ రెక్కల మధ్య పొట్టు, దుమ్ము పేరుకోవడం, కఠినత్వం గల బోరు నీటి వల్ల లోపల సున్నపు పొర ఏర్పడటం వంటి కారణాలను ముందుగా పరిశీలించాలి.

పరీక్ష, మార్పిడి

ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాతే రేడియేటర్ మూత తీయాలి. వేడిగా ఉన్నప్పుడు తీస్తే పీడనంతో చిమ్మే నీరు తీవ్రంగా కాలుస్తుంది. కూలెంట్‌ను హౌసింగ్ మట్టం కంటే దిగువకు వచ్చేవరకు శుభ్రమైన పాత్రలోకి దించి, బోల్టులు విప్పి థర్మోస్టాట్‌ను తీయాలి. దానిని దారంతో కట్టి, అడుగుకు తగలకుండా నీటి గిన్నెలో వేలాడదీసి, థర్మామీటర్ ఉంచి నీటిని వేడిచేయాలి. దానిపై ముద్రించిన ఉష్ణోగ్రతకు దగ్గరలో తెరుచుకొని, చల్లారగానే పూర్తిగా మూసుకుంటే అది బాగున్నట్లే. లేనిచో మరమ్మతుకు ప్రయత్నించక మార్చాలి.

కొత్తది అదే ఉష్ణోగ్రత, అదే పరిమాణం గలదై ఉండాలి. పాత గాస్కెట్ అవశేషాలను గీకి, మైనపు గుళిక ఇంజిన్ వైపు ఉండేలా అమర్చి, కొత్త గాస్కెట్ వేసి బోల్టులను సమానంగా బిగించాలి. తయారీదారు సూచించిన కూలెంట్‌ను నెమ్మదిగా నింపి, గాలి పూర్తిగా బయటకు పోయేలా చూడాలి. ఇంజిన్‌ను నడిపి, కారుడు లేదని నిర్ధారించుకొని, చల్లారిన తరువాత మట్టాన్ని మళ్లీ సరిచూడాలి.

ఈ పరీక్షకు గిన్నె, పొయ్యి, థర్మామీటర్ చాలు. ట్రాక్టర్ యజమానులకు, గ్రామీణ మెకానిక్‌లకు ఇచ్చే శిక్షణలో విస్తరణ శాస్త్రవేత్తలు దీనిని ప్రత్యక్షంగా చేసి చూపితే, తక్కువ ధర గల ఈ భాగాన్ని పారవేసి ఖరీదైన ఇంజిన్‌ను అరగదీసుకునే పద్ధతిని మాన్పించవచ్చు.