మందు ఊళ్లోనే, వైద్యం వరంగల్‌లో

హన్మకొండ నుంచి ములుగు దాటి, జంగాలపల్లి దగ్గర జాతీయ రహదారి వదిలితే పాలంపేట. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి ఉన్న ఊరు. 2021 జులైలో యునెస్కో జాబితాకెక్కాక ఈ ఊరికి దారి దేశదేశాల వాళ్లకు తెలిసింది. ఇక్కడి నుంచి బయటికి పోవాల్సిన ఒక దారి మాత్రం ఊళ్లోవాళ్లకే సరిగా తెలియదు. పదహారేళ్ల పిల్లవాడు తాగుడుకో గంజాయికో చిక్కితే ఎక్కడికి తీసుకుపోవాలి?

ఇంటర్ చదివే ఒక అబ్బాయిని ఊహించుకుందాం. ఇలాంటివాడు ఏ ఊళ్లోనైనా ఉండొచ్చు. పెళ్లి బరాత్‌లో బీరుతో మొదలుపెట్టాడు. ఇప్పుడు దోస్తులతో గంజాయి. రాత్రుళ్లు నిద్ర పట్టదు, పగలు కాలేజీకి పోడు. అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని అనుమానం. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుంటారు, తాయెత్తు కట్టిస్తారు. అది పని చేయకపోతే ఆర్‌ఎంపీ సెలైన్ పెడతాడు. నెలలు గడిచాక ఎవరో ఎంజీఎంకు పొమ్మంటారు. వరంగల్‌లోని ఆ పెద్దాసుపత్రి ఇక్కడికి దాదాపు 70 కిలోమీటర్లు. అక్కడా కాదంటే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి, 200 కిలోమీటర్ల పైమాటే. బస్సులో తల్లికి మహాలక్ష్మి జీరో టికెట్, కొడుక్కి మాత్రం డబ్బులు పెట్టాలి. అసలు ఖర్చు టికెట్టు కాదు, కూలి. మిరప ఏరే రోజుల్లో ఒక మనిషి రోజంతా ఓపీ వరుసలో నిలబడితే ఆ పూట ఇల్లు గడిచేదెట్లా?

మందు కోసం ఇంత తిరుగుడు అక్కర్లేదు. తెలంగాణలో లైసెన్సున్న మద్యం దుకాణాలు 2,620. వాటికి తోకల్లాగా పల్లెపల్లెనా బెల్టుషాపులు. కిరాణం కొట్టు వెనకో, ఇంటి ముందుగదిలోనో నడుస్తాయి. చట్టం ప్రకారం అవి లేవు, ఊరి ప్రకారం ఉన్నాయి. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదన్న నిబంధన లైసెన్సు దుకాణం గోడ మీదైనా కనబడుతుంది, బెల్టుషాపుకు ఆ గోడా ఉండదు. నాయిన పంపితే పదేళ్ల పిల్లవాడు క్వార్టర్ తెచ్చిస్తాడు, నాలుగేళ్లకు తన కోసం తానే తెచ్చుకుంటాడు. 2025లో దుకాణాల కేటాయింపుకు దరఖాస్తు రుసుము రెండు లక్షల నుంచి మూడు లక్షలకు పెంచారు, తిరిగివ్వనిది. ఒక్క సీసా అమ్ముడుపోకముందే ఖజానాకు 2,800 కోట్ల రూపాయల పైచిలుకు వచ్చి పడింది. ఈ డబ్బులో మాన్పించే పనికి ఎంత పోతుందో ఏ ఎన్నికల సభలోనూ ఎవరూ అడగరు. గుడుంబా కాయడం మానేసినవాళ్లకు పునరావాసం పేరుతో రెండేసి లక్షలు ఇచ్చిన రాష్ట్రమే ఇది. కాచేవాడికి దారి చూపించారు, తాగేవాడి ఊసు రాలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం మద్యం తాగుతారు. దేశ సగటు 18.8. ఆడవాళ్లలోనూ 6.7 శాతం, దేశంలో 1.3. ఈ లెక్కలు చూపించి మన సంస్కృతే అంత అని చేతులు దులుపుకునేవాళ్లున్నారు. నిజమే, ఇక్కడ కల్లు సాకగా అమ్మవారికి పోస్తాం, ఇప్పసారా లేకుండా ఏజెన్సీలో పండుగ జరగదు. దసరాకు పిల్లాడి చేతికి ముంత ఇచ్చి వాడు మొహం చిట్లిస్తే నవ్వుకునే ఇళ్లూ ఉన్నాయి. అయితే తాతలు తాగిన కల్లు చెట్టు మీది నుంచి దిగింది. ఇప్పుడు చాలాచోట్ల కల్లు పేరుతో అమ్మేది అల్ప్రాజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన నీళ్లు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో అలాంటి కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, ఎంతోమంది కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు. దాన్ని సంస్కృతి ఖాతాలో రాయడం తాటిచెట్టుకే అవమానం.

గంజాయి కథ వేరు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో పండేది భద్రాచలం వైపు నుంచి వరంగల్, హైదరాబాద్ దాకా, అక్కడి నుంచి మహారాష్ట్రకు పోతుంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఒకే చోట రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. అయినా దారి ఎండిపోలేదు, సరుకు రూపం మారింది. 2024 జనవరిలో రంగారెడ్డి జిల్లా కొత్తూరులో బడిపిల్లలకు గంజాయి కలిపిన చాక్లెట్లు అమ్ముతున్నవాళ్లు పట్టుబడ్డారు. వీటన్నిటికంటే చవకది పంక్చర్ సొల్యూషన్, గుడ్డలో పోసుకుని పీల్చేది. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వేలో పెద్దవాళ్లకంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే: పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17. దేశంలో సుమారు 4.6 లక్షల మంది పిల్లలకు దీని నుంచి బయటపడేందుకు సాయం కావాలని ఆ సర్వే లెక్కగట్టింది. సైకిల్ షాపులో దొరికే సరుకుకు ఏ చెక్‌పోస్టూ అడ్డం రాదు.

అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. ఈ కథనానికి అదే కీలకం. మద్యానికి బానిసలైనవాళ్లలో ఏదో ఒక చికిత్స అందింది 38 మందిలో ఒకరికి. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒకరు. ఇది పెద్దల లెక్క. పిల్లలైతే రోగులుగా కనబడనే కనబడరు. పదహారేళ్లకు చేతులు వణకవు, కాలేయం చెడదు. వారానికోసారి ఒళ్లు తెలియకుండా తాగి బండి నడుపుతాడు, పరీక్ష తప్పుతాడు, ఇంట్లో డబ్బులు మాయం చేస్తాడు. తల్లిదండ్రులకు అది పొగరు, హాస్టల్ వార్డెన్‌కు క్రమశిక్షణ సమస్య. చేతిలో టీసీ పెట్టి పంపేస్తే వార్డెన్ సమస్య తీరింది, పిల్లవాడిది పెరిగింది.

పోలీసు కేసవుతుందన్న భయం ఒకటి. ఆసుపత్రికి పోతే పేరెక్కుతుందని, ఉద్యోగం రాదని, సంబంధం కుదరదని. ఈ భయానికి చట్టంలోనే జవాబుంది, కాని ఊరిదాకా రాలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్, మత్తుకు అలవాటుపడి కేసులో చిక్కినవాడు తనంతట తాను వైద్యానికి ముందుకొస్తే విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. సొంతానికి వాడుకున్నందుకు, కొద్దిపాటి సరుకుతో దొరికినందుకు పెట్టిన కేసులకే ఇది వర్తిస్తుంది. 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం పిల్లలకు మద్యమో మత్తుపదార్థమో ఇచ్చినవాడికి ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. బెల్టుషాపు మీద దాడి జరిగిన వార్తలు పేపర్లో చదువుతాం, ఎక్సైజ్ కేసు పెట్టారని రాస్తారు. ఈ 77వ సెక్షన్ పెట్టారని చదివిన గుర్తు మీకుందా?

2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులను జబ్బుగానే గుర్తించింది. పద్దెనిమిదేళ్ల లోపువాణ్ని చేర్చుకుంటే పెద్దల వార్డులో ఉంచకూడదు. సంరక్షకుల్లో ఒకరు అతను ఉన్నన్నాళ్లూ తోడుండాలి. చేర్చుకున్న 72 గంటల్లో సమీక్ష బోర్డుకు తెలపాలి. గొలుసులతో కట్టేయడం నేరం. ఊరి చివర బోర్డులు పెట్టుకున్న కొన్ని ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రాల గురించి బంధువులు చెప్పుకునే సంగతులు వింటే ఈ చివరి నిబంధన ఎందుకు రాయాల్సి వచ్చిందో తెలుస్తుంది. తోడుండాలన్న నిబంధన మంచిదే. కాని తోడున్న తల్లికి కూలి ఎవరిస్తారో చట్టం చెప్పదు. ఏజెన్సీ జిల్లాలో చికిత్స మధ్యలో ఆగిపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం వెతకనక్కర్లేదు.

చికిత్స అంటే తాగుడు మాన్పించే మాత్ర అనుకుంటారు చాలామంది. భర్తకో కొడుక్కో తెలియకుండా కూరలో కలిపే డైసల్ఫిరామ్ మాత్ర, ఆ మీదట మందు పడితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఒక్కసారిగా ఆపేయడం కూడా అందరికీ క్షేమం కాదు. ఏళ్లుగా తాగినవాడికి ఆపిన రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డ వారంలోనే ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం పోటెత్తింది అందుకే. కల్తీ కల్లు అలవాటున్నవాళ్లకూ అదే గండం. పిల్లల్లో అంత దూరం అరుదుగా పోతుంది కాబట్టి ఎక్కువమందికి మంచం అవసరం రాదు. పిల్లవాడితో దెబ్బలాడకుండా మాట్లాడగలిగిన ఒక మనిషి కావాలి, నిద్రకో ఆందోళనకో కొన్నాళ్లు మందు కావాలి, కుటుంబంతో కూర్చుని మాట్లాడాలి, వారం వారం రమ్మనాలి. ఆ ‘వారం వారం’ దగ్గరే 70 కిలోమీటర్లు అడ్డం పడతాయి. మధ్యలో మళ్లీ మొదలుపెడితే ఓడిపోయాడని కాదు. బీపీ, షుగరు ఉన్నవాళ్లు మందులు మానేసి మళ్లీ డాక్టరు దగ్గరికి రావడం లేదా?

అయ్యప్ప మాల గురించి ఒక మాట. మా వైపు ఎంత తాగేవాడైనా ఆ 41 రోజులు ముట్టడు. భక్తి ఒక్కటే కాదు, ఊరంతా వాణ్ని ‘స్వామీ’ అంటుంది, పొద్దున స్నానం నుంచి రాత్రి పూజ దాకా రోజుకో క్రమం ఉంటుంది, పక్కన పదిమంది అదే దీక్షలో ఉంటారు. డాక్టర్లు చెప్పేదీ ఇంచుమించు ఇదే. మాల తీసిన రోజు దావత్ ఇచ్చి మొదటి గ్లాసు చేతిలో పెట్టేదీ మనమే. మాల లేకుండానే ఇలాంటి క్రమం పెట్టుకున్న దేశం ఒకటుంది. ఐస్‌లాండ్‌లో 1998లో పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో 42 శాతం అంతకుముందు నెలలో ఒక్కసారైనా తాగి తూలినవాళ్లే. 2016కు అది 5 శాతానికి దిగింది. వాళ్లు చేసిందీ సాయంత్రాల్ని ఆటలతో, సంగీతంతో నింపడం, తల్లిదండ్రుల్ని ఆ సమయంలో పిల్లల దగ్గర ఉండేలా చూడటం. మన ఊళ్లలో సాయంత్రం పూట పిల్లలకు తెరిచి ఉండేది ఏమిటి?

ములుగు జిల్లా 2019 ఫిబ్రవరిలో ఏర్పడింది, 2024లో ములుగుకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. వైద్య కళాశాల అంటే మానసిక వైద్య విభాగం ఉండి తీరాలి. పాలంపేటకు అది ఇరవై కిలోమీటర్ల లోపే. 2023 డిసెంబరు నుంచి రాష్ట్ర మహిళా, శిశు సంక్షేమ మంత్రిగా ఉన్న సీతక్క ఈ నియోజకవర్గం నుంచే గెలిచారు. కాబట్టి అడగాల్సింది చిన్నదే. ములుగులో వారానికో సాయంత్రం, కాలేజీ విడిచాక, పిచ్చాసుపత్రి అన్న మాట వినబడని ఒక గదిలో పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్లకు ఓపీ. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో టీసీ ఇచ్చే ముందు ఆ గదికి పంపాలన్న ఒక ఉత్తర్వు. వెంట వచ్చినవాళ్లకు ఆ రోజు కూలి. అప్పటిదాకా 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, మత్తు గురించే అయితే 14446, పిల్లలకు ఏ ఆపదైనా 1098. మూడూ ఉచితం.