బొమ్మకు మాట కావాలి

కురుక్షేత్ర సంగ్రామాన్ని చూడలేని ధృతరాష్ట్రునికి సంజయుడు దానిని మాటలలో చూపించాడు. అంతర్జాలంలోని ప్రతి బొమ్మ వెనుకా అటువంటి సంజయునికి ఒక చోటు కలదు. సాంకేతిక పరిభాషలో దాని పేరు ‘ఆల్ట్ టెక్స్ట్’. మనం ‘ప్రత్యామ్నాయ పాఠం’ అనుకోవచ్చు. పుటను చూసేవారికి అది కనిపించదు. చూపు లేనివారికి మాత్రం అదే బొమ్మ.

మెసైమీర్‌లో జరుగబోయే ఉగాది వేడుకకు రంగురంగుల ఆహ్వానపత్రం తయారుచేసి అంతర్జాలంలో ఉంచామనుకుందాం. తేదీ, సమయం, వేదిక అన్నీ బొమ్మలోనే ఉన్నవి. మన కంటికి అవి అక్షరాలు, కంప్యూటరుకు రంగుచుక్కలు. అంధులు వాడే స్క్రీన్ రీడర్ తెరపైని పాఠాన్ని చదివి వినిపిస్తుంది; ఇక్కడ దానికి చదవడానికి పాఠమే లేదు. ‘చిత్రం’ అనో, అర్థంలేని ఫైలు పేరో పలికి ముందుకు సాగిపోతుంది. ఆ కుటుంబానికి ఆహ్వానం అందనట్లే.

ఎలా పుట్టింది?

పుటలలో బొమ్మలు చేర్చే పద్ధతి 1993లో వచ్చింది. బొమ్మలు చూపలేని బ్రౌజర్లు అప్పట్లో ఉండేవి; వాటికోసం బొమ్మకు బదులుగా మాటలు ఇచ్చే ఏర్పాటు 1995 నాటి హెచ్‌టీఎమ్‌ఎల్ 2.0 ప్రమాణంలో చోటుచేసుకున్నది. 1999లో వెలువడిన అంతర్జాతీయ సౌలభ్య మార్గదర్శకాలు దీనినే మొదటి సూత్రంగా నిలిపాయి. మరుసటి సంవత్సరం సిడ్నీ ఒలింపిక్ క్రీడల నిర్వాహక సంఘంపై బ్రూస్ మాగ్వైర్ అనే అంధుడు తాను చేసిన ఫిర్యాదులో గెలిచారు. సంఘం ఆయనకు 20,000 ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం చెల్లించవలసి వచ్చింది. బొమ్మలకు మాటలు లేకపోవడం ఆ ఫిర్యాదులో ముఖ్యాంశం.

ఖతార్‌లో ఇటువంటి సాంకేతిక సహాయానికై ‘మదా’ కేంద్రం 2010లో ఏర్పడింది. భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచారం అందరికీ అందాలని నిర్దేశిస్తున్నది.

ఎలా వ్రాయాలి?

‘ఉగాది పోస్టరు’ అంటే చాలదు. ‘ఉగాది ఆహ్వానం: శుక్రవారం సాయంత్రం 6 గంటలకు, మెసైమీర్‌లో, కవిసమ్మేళనం, పచ్చడి, భోజనం’ అంటే విషయం అందుతుంది. వివరాలు ఎక్కువైతే వాటిని పుటలోనే మామూలు పాఠంగా కూడా ఇవ్వాలి. ‘ఇది ఒక చిత్రం’ అని వ్రాయనక్కరలేదు; ఆ మాట యంత్రమే చెబుతుంది. మామిడాకుల అంచువంటి అలంకారాలకు ఆ చోటును కావాలనే ఖాళీగా ఉంచితే యంత్రం వాటిని దాటిపోతుంది.

గూగుల్ వంటి శోధనయంత్రాలు కూడా బొమ్మలోని విషయాన్ని గ్రహించడానికి ఈ పాఠాన్ని ఉపయోగించుకుంటాయి. కనుక సరిగా వ్రాసిన పాఠం వల్ల మన వేడుక వెతికేవారికి సులువుగా దొరుకుతుంది. అలాగని ‘ఉగాది, దోహా, తెలుగు, ఉగాది’ అని పదాలు గుప్పిస్తే మేలు జరుగదు. వినేవారికి విసుగు, శోధనయంత్రానికి అనుమానం.

నేడు కృత్రిమ మేధ బొమ్మలను వర్ణించగలుగుతున్నది. కూచిపూడి దుస్తులలో ఒక బాలిక ఉన్నదని అది చెప్పగలదు. ఆ బాలిక మన మనుమరాలని, అది ఆమె తొలి ప్రదర్శన అని మనమే చెప్పాలి. గుంటూరులోనో వరంగల్లులోనో చూపు మందగించిన తాతగారు ఫోనుకు చెవి ఒగ్గి ఎదురుచూసేది ఆ ఒక్క వాక్యం కోసమే.