వేరుశెనగ వేళ్ళలో ఎరువుల కార్ఖానా

మద్దికెర చుట్టుపక్కల ఎర్రనేలల్లో వర్షాధారంగా వేరుశెనగ పండిస్తారు. పూతదశలో ఒక మొక్కను వేళ్ళు తెగకుండా తవ్వి తీసి, మన్ను కడిగి చూడండి. వేళ్ళకు ఆవగింజలంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదానిని గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు ఉంటే ఆ బుడిపె పనిచేస్తున్నట్లే!

ఏమిటా పని? గాలిలో నూటికి 78 వంతులు నత్రజనే. కాని మొక్కలు దానిని నేరుగా వాడుకోలేవు. బుడిపెలలోని రైజోబియం జాతి బాక్టీరియాలు ఆ నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మారుస్తాయి. బదులుగా మొక్క వాటికి చక్కెర అందిస్తుంది. పప్పుజాతి మొక్కల ఈ రహస్యాన్ని 1886లో హెల్‌రీగల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు వెల్లడించాడు.

మరి వేరుశెనగ వేస్తే చాలు, నేల సారవంతమవుతుందా? కాదు. కాయల కోసం మొక్కను వేళ్ళతో సహా పీకేస్తాం. గింజలతోపాటు నత్రజని, భాస్వరం అంగడికి పోతాయి. ఆకు, కాడ పశువుల మేతకు పోతాయి. భాస్వరం గాలిలోనుంచి రాదు కదా!

అందుకే మేతగా పోయినది దిబ్బ ఎరువుగా మళ్ళీ చేనికి చేరాలి. సాళ్ళ మధ్య కంది వేస్తే రాలిన ఆకు నేలలో కలుస్తుంది. మరుసటి ఏడు కొర్రవంటి పంటకు మారడం మంచిది. ఏ పోషకం ఎంత తక్కువో భూసార పరీక్ష చెబుతుంది.

ఈసారి కోతలకు మీ చేనినుంచి ఏమేమి బయటికి పోతున్నాయో, ఏమేమి తిరిగి వస్తున్నాయో రాసి, పెద్దలకు చూపండి.