ఆకు కూడా తీసుకుపోరాని అడవి

షిల్లాంగ్ నగరానికి నైరుతి దిశగా 25 కిలోమీటర్ల దూరాన, ఖాసీ కొండలమీద మాఫ్లాంగ్ అనే ఊరున్నది. ఖాసీ భాషలో ‘మా’ అంటే రాయి, ‘ఫ్లాంగ్’ అంటే గడ్డి. పేరుకు తగినట్లే ఊరి అంచున ఎత్తుపల్లాల పచ్చికబయలు, దానిమీద అక్కడక్కడ నిలువెత్తు రాళ్ళు కానవస్తాయి. ఆ పచ్చికమీద చెట్టన్నది దాదాపు లేదు. అది ముగిసేచోట, ఎవరో గోడ కట్టి ఆపినట్లుగా, ఉన్నట్టుండి అడవి మొదలవుతుంది. మధ్యలో పొదలు లేవు, పిల్లచెట్లు లేవు. ఇటు గడ్డి, అటు కారడవి.

లోనికి అడుగుపెట్టే ముందు, దారి చూపడానికి వెంట వచ్చే ఖాసీ యువకుడు ఒకే ఒక నియమం చెబుతాడు. ఈ అడవినుంచి ఏదీ బయటకు తీసుకుపోరాదు. పువ్వు, కాయ, పుల్ల, గులకరాయి, చివరకు తనంత తానే రాలిపడిన ఎండుటాకైనా సరే.

ఈ వనం వైశాల్యం సుమారు 78 హెక్టార్లు, అనగా 190 ఎకరాలకు కాస్త పైమాట. అరగంటలో ముగిసే చిన్న దారి ఒకటి, గంటకు పైబడి పట్టే పెద్ద దారి మరొకటి ఉన్నాయి. బయటి ఎండ నాలుగడుగులు వేయగానే మాయమవుతుంది. ఓక్ జాతి చెట్లు, అడవి చెస్ట్‌నట్లు, రోడోడెండ్రాన్లు కొమ్మలు పెనవేసుకొని పైన కప్పు వేసినట్లుంటాయి. మానులనిండా నాచు, నాచుమీద ఫెర్నులు, వాటి సందుల్లో ఆర్కిడ్లు. కాలికింద నేల నేలలాగా ఉండదు. దట్టంగా పేరుకొన్న ఆకుల పొర మెత్తని పరుపులా దిగబడుతుంది. దారి చూపేవారు ఆగి ఇది రుద్రాక్ష చెట్టని, ఇది యూ చెట్టని చూపిస్తారు. యూ జాతి చెట్లనుంచే కాన్సరు చికిత్సలో వాడే టాక్సాల్ అనే మందు తొలిసారి లభించింది.

కొంతదూరం నడిచాక నీటి చప్పుడు వినవస్తుంది. సన్నని వాగు. దాటడానికి రాళ్ళు పేర్చి ఉంటాయి. అడుగున ఉన్న ఆకుల ఈనెలు సైతం లెక్కించదగినంత తేటగా ఉంటుంది నీరు. పూర్వం ఇక్కడ జరిగిన క్రతువులకు ఈ నీటినే వాడేవారని చెబుతారు. క్రతువు జరిగిన తావుల్లో నాచుపట్టిన రాతి పీఠాలు నేటికీ ఉన్నాయి. నిలువుగా పాతిన రాళ్ళు పురుషులకు, అడ్డంగా పరచిన బల్లరాళ్ళు స్త్రీలకు గుర్తు. తల్లి పేరుమీదనే వంశం సాగే ఖాసీ సమాజంలో ఆ బల్లరాళ్ళకున్న గౌరవం వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ వనాన్ని వారు ‘లా లింగ్‌డో’ అంటారు. లా అనగా అడవి, లింగ్‌డో అనగా పురోహితుడు. మాఫ్లాంగ్‌లో పురోహితుడే పాలకుడు కూడా. వనాన్ని కాచే దేవత పేరు లాబాసా. అనుగ్రహిస్తే చిరుతపులి రూపంలోను, ఆగ్రహిస్తే పాము రూపంలోను కనబడుతుందని నమ్మకం. ఎండు దుంగలను లారీలో వేసుకుపోవడానికి వచ్చిన సైనికుల కథ ఒకటి ప్రతి సందర్శకుడికీ చెబుతారు. దుంగలు ఎక్కించాక లారీ ఎంతకూ కదలలేదట. దించగానే కదిలిందట. నిజానిజాల మాట ఎలా ఉన్నా, దుంగలు మాత్రం అక్కడే కుళ్ళి మట్టిలో కలుస్తున్నాయి. అడవికి కావలసినది కూడా అదే.

ఎందుకంటే కుండపోత వానలు కురిసే కొండలమీద మట్టిలోని సారం నిలవదు, నీటితో కొట్టుకుపోతుంది. చెట్టుకు దక్కే పోషకాలలో అధికభాగం రాలిన ఆకుల్లోనే ఉంటుంది. ఆకులు కుళ్ళుతుండగానే, నేలకు పైపైన వలలా అల్లుకున్న సన్నని వేళ్ళు ఆ సారాన్ని పీల్చి తిరిగి చెట్టుకు అందిస్తాయి. షిల్లాంగ్‌లోని ఈశాన్య పర్వతప్రాంత విశ్వవిద్యాలయంలో పనిచేసిన పర్యావరణ శాస్త్రజ్ఞుడు పి.ఎస్. రామకృష్ణన్, ఆయన సహచరులు చిరపుంజి దగ్గరి పవిత్రవనంలో ఈ వ్యవస్థనే పరిశీలించారు. ఆకులు ఊడ్చుకుపోయిన అడవి క్రమంగా పస్తు పడుతుంది. ‘ఎండుటాకైనా తీసుకుపోరాదు’ అన్న కట్టుబాటును మూఢవిశ్వాసమని కొట్టివేసేవారు ఈ సంగతి గమనించవలసి ఉన్నది.

అదే పొర వాన నీటిని స్పంజిలా పీల్చుకొని, నెలల తరబడి కొద్దికొద్దిగా వాగులోకి విడుస్తుంది. ఆ పొర లేనిచోట ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. 1860 ఆగస్టు నుంచి 1861 జూలై వరకు పన్నెండు నెలల్లో 26,461 మిల్లీమీటర్ల వాన కురిసి ప్రపంచ రికార్డు నెలకొల్పిన చిరపుంజి ఈ కొండలమీదిదే. అక్కడ చలికాలం వచ్చేసరికి బిందెడు నీళ్ళకోసం ఆడవాళ్ళు దూరపు ఊటలకు నడవవలసి వస్తుంది. అడవి పోయింది, మట్టి కొట్టుకుపోయింది. కురిసిన నీరు కురిసినట్లే బంగ్లాదేశ్ మైదానాలకు జారిపోతుంది.

నీటిని ఖాసీలు ‘ఉమ్’ అంటారు. అందుకే ఇక్కడి చాలా నదుల పేర్లు ఉమ్‌తో మొదలవుతాయి. ఉమియమ్ అంటే కన్నీరట, ఎంత అందమైన పేరు! మాఫ్లాంగ్ చేరువన పారేది ఉమియూ నది. దానిమీద కట్టిన ఆనకట్టనుంచే షిల్లాంగ్ నగరానికి మంచినీరు చేరుతున్నది. కనుక ఈ కొండవాలుల్లో అడవి ఉండడమా, పోవడమా అన్నది ఖాసీ పల్లెల సొంత వ్యవహారంగా మిగలలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం మేఘాలయ జనాభాలో నూటికి 74 మందికి పైగా క్రైస్తవులు. వెల్ష్ మిషనరీలు 1841లో అడుగుపెట్టిననాటినుంచి పాత క్రతువులు పలుచబడుతూ వచ్చాయి. మరి దేవతపై నమ్మకం సడలితే అడవిని కాచేదెవరు? నమ్మకం సడలినచోట్ల వనాలు నరికివేతకు, బొగ్గుబట్టీలకు, రాతిగనులకు బలైన ఉదాహరణలు ఈ కొండల్లో లేకపోలేదు. మాఫ్లాంగ్‌లో మాత్రం చర్చికి వెళ్ళే కుర్రవాడు కూడా ఆకు కోయడు. అతడు దైవభీతితో ఆగుతున్నాడా, తాతముత్తాతల మీది మర్యాదతో ఆగుతున్నాడా అన్నది బయటివారు తేల్చగల విషయం కాదు.

చట్టమూ కొంత అండగా ఉన్నది. ఖాసీ, జైంతియా కొండల స్వయంపాలిత జిల్లా 1958లో చేసిన అటవీ చట్టం లా లింగ్‌డోలను ప్రత్యేక వర్గంగా గుర్తించింది. మేఘాలయలో అడవుల అధికభాగం ప్రభుత్వానిది కాదు. వంశాలది, గ్రామాలది, ‘హిమా’లది. హిమా అంటే ఖాసీల చిన్న రాజ్యం, మన మంచుకు దానికి సంబంధం లేదు. 2011లో అటువంటి పది హిమాలు చేతులు కలిపి, దాదాపు 27,000 హెక్టార్ల విస్తీర్ణంలో అడవుల పునరుద్ధరణకు పూనుకొన్నాయి. చలికాలపు గడ్డిమంటలు వ్యాపించకుండా అడ్డుబాటలు తీయడం, కొన్ని వాలులను మేతనుంచి తప్పించడం, వంటచెరకు తక్కువ పట్టే పొయ్యిలు పంచడం వంటి పనులు చేపట్టాయి. చెట్లు పీల్చే బొగ్గుపులుసు వాయువుకు లెక్కకట్టి, ఆ లెక్కను విదేశాల్లో అమ్మి ఖర్చు రాబట్టుకొంటున్నారు. ఈ వింత వర్తకం ఎంతకాలం నిలుస్తుందో గాని, మాఫ్లాంగ్ వంటి పాతవనం పక్కనే ఉండటం వారికి కలిసివచ్చింది. బోడివాలుమీద ఏ చెట్టు మొలవాలో చెప్పే విత్తనపు కొట్టు అదే.

ఇటువంటి వనాలు దేశమంతటా ఉన్నాయి. కొడగులో దేవరకాడు, కేరళలో కావు, మహారాష్ట్రలో దేవరాయి, రాజస్థాన్‌లో ఓరణ్, ఝార్ఖండ్‌లో సర్నా. 1970లలో మాధవ్ గాడ్గిల్, వి.డి. వర్తక్ పశ్చిమ కనుమల దేవరాయిలపై పరిశోధనలు ప్రచురించినప్పటినుంచే విద్యావంతులు వీటిని పట్టించుకోసాగారు. వాటిలో చాలావరకు నాలుగైదు చెట్లు, ఒక సిమెంటు గుడిగా కుదించుకుపోయాయి. ఆ దృష్టితో చూసినపుడు 78 హెక్టార్లు చిన్న సంగతి కాదు.

మాఫ్లాంగ్ వెళ్ళదలచినవారికి అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు అనుకూలమైన కాలం. వానాకాలంలో రాళ్ళు జారుతాయి, జలగలు పడతాయి. అయితే నాచు పచ్చదనం చూడవలసినది అప్పుడే. ఊరివారిని వెంటబెట్టుకొనకుండా లోనికి పోకూడదు, ఆ రుసుము వారికే చెందుతుంది. గట్టిగా మాట్లాడటం అక్కడ ఎవరికీ నచ్చదు.

నడకలో పట్టు ఉన్నవారు మరికొంత ముందుకు పోవచ్చు. అస్సాంను సిల్హెట్‌తో కలపడానికి ఆంగ్లేయ అధికారి డేవిడ్ స్కాట్ వేయించిన పాత గుర్రపు బాట ఇక్కడినుంచే సాగుతుంది. ఆ బాట కారణంగానే 1829లో ఖాసీ నాయకుడు తీరోత్ సింగ్ ఆయుధం పట్టాడు. నాలుగేళ్ళు పోరాడి పట్టుబడి, 1835లో ఢాకాలో బందీగా మరణించాడు. నేడు మిగిలిన 16 కిలోమీటర్ల బాట లోయలోకి దిగి, నది దాటి, తిరిగి కొండెక్కి సోహ్రా రోడ్డుమీది లాడ్ మాఫ్లాంగ్ చేరుతుంది. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి ఆవలి ఒడ్డున టీ కొట్టు దొరుకుతుంది.