పటము వెనుక పేరు వ్రాయుడు

వాన మొగము చాటువేసిన యేట, సేద్యమును నమ్ముకొన్న యింటికి నెలజీతము తెచ్చు కొలువే దిక్కు. అనంతపురము మెట్టసీమలో ఆ కొలువు కొందఱకు రైల్వేలోను, కొందఱకు పట్టాళములోను దొరకెను. మదరాసు, బొంబాయి, బెంగుళూరు, బళ్ళారి, నంద్యాల దారులు కలియు గుంతకల్లు కూడలిలో బండి యెక్కి యుద్ధమునకు పోయిన యువకులు, పోవుటకు ముందో, సెలవుమీద వచ్చినప్పుడో స్టూడియోలో తీయించుకొన్న పటములు నేటికిని కొన్ని యిండ్ల ట్రంకుపెట్టెలలో నున్నవి. మొదటి ప్రపంచయుద్ధమున భారతదేశమునుండి సుమారు 13 లక్షల మంది, రెండవ యుద్ధమున సుమారు 25 లక్షల మంది పనిచేసిరి. పటము చూపి యీతడెవడని యడిగినచో "ఎవరో మిలట్రీ తాత" యను మాటకు మించి చెప్పువారు ఇంటింటను తగ్గిపోవుచున్నారు.

అట్టి పటమొకటి చేతికి వచ్చినదనుకొందము. మొదట చూడవలసినది ముఖము కాదు, వీపు. స్టూడియో ముద్ర, ఊరిపేరు, పోస్టుకార్డు గీతలు, పెన్సిలుతో వ్రాసిన అంకెలు, ఇవి కాలమును స్థలమును తెలుపును. పిమ్మట తలపాగ, టోపి, భుజముమీది అక్షరములు. బెంగుళూరు కేంద్రముగా గల మదరాసు సాపర్ల (సైనిక ఇంజనీర్ల) దళమువారి పొడవైన టోపి, దూప్టా, మఱియొక దళమువారి శిరోవేష్టనమును పోలదు. మదరాసు పదాతి పటాలములు మొదటి యుద్ధానంతరము క్రమముగా రద్దయి, రెండవ యుద్ధకాలమున మరల నేర్పడినవి. కనుక ఆ నడిమి కాలపు పటములోని తెలుగు సిపాయి సాపరు దళమువాడేమో యని మొదట విచారింపవలెను.

గుంతకల్లులో మఱియొక చిక్కు కలదు. మదరాసు-దక్షిణ మహారాష్ట్ర రైల్వేలోని యూరోపియను, ఆంగ్లో-ఇండియను ఉద్యోగులు ముఖ్యముగా చేరిన రైల్వే రైఫిల్సు అను సహాయకదళ ముండెడిది. కాబట్టి తుపాకితో నిలిచిన ప్రతివాడును సరిహద్దులు దాటినవాడని తలపరాదు. ఆ యుద్యోగుల కుటుంబములలో ననేకములు స్వాతంత్ర్యానంతరము ఇంగ్లండుకును ఆస్ట్రేలియాకును తరలిపోయినందున, మన పాత గుంతకల్లు పటములు సముద్రములకావలి యిండ్లలోను ఉండవచ్చును.

రొమ్ముమీది రిబ్బనులు విలువైన సాక్షులే కాని, వానిని పరీక్షింపక నమ్మరాదు. ఆ కాలపు ఫలకములు కొన్ని ఎఱుపును గ్రహింపలేక నల్లగాను, నీలమును వెలవెలబోయినట్లును చూపెడివి. పతకమే యింట నున్నయెడల దాని అంచును తిప్పి చూడుడు. మొదటి యుద్ధపు వెండి పతకముల అంచున సైనికుని సంఖ్య, పేరు, దళము చెక్కియుండును. మరణించినవాడైనచో కామన్‌వెల్తు యుద్ధసమాధుల సంఘము జాబితాలో వెదకవచ్చును. తండ్రిపేరు, ఊరు అందు తఱచుగా కనబడును. బర్మాలోని తౌక్యాన్‌లో నున్న రంగూను స్మారకముమీదనే సుమారు 27 వేల పేర్లున్నవి.

ఇక ఇంటికథ. "బర్మాలో తప్పిపోయినాడు" అని అవ్వ చెప్పినచో, అతడు సిపాయియై పోయెనో, రంగూనులో కూలియై యుండి 1942లో జపానుసేనలు వచ్చినప్పుడు లక్షలాది భారతీయులతో కాలినడకను బయలుదేఱెనో విచారింపవలెను. ఆమెను సంవత్సరమడిగినచో ఫలముండదు. విశాఖపట్టణము, కాకినాడలమీద బాంబులు పడిన నాటికి, అనగా 1942 ఏప్రిల్ 6 నాటికి, ఉత్తరము వచ్చెనా, ఏ బిడ్డ పుట్టిన పిమ్మట పోయెను, ఏ కరవు ముందు మనియార్డరు నిలిచెను, అని యడుగవలెను. పటము చూపునది యొకచోట, అవ్వ చెప్పినది వేఱొకచోట, మన యూహ మూడవచోట వ్రాయుట ధర్మము. ఈ మూటిని కలిపినవాడు సత్యమునకు ద్రోహము చేసినవాడగును.

లాహోరు మ్యూజియములో మూలబడియున్న పంజాబు సైనికుల రిజిస్టర్లు, సుమారు 3 లక్షల 20 వేల మంది వివరములవి, 2021 నుండి ప్రజలకు అందనారంభింపగా, ఎందఱో తమ ముత్తాతల దళములను తెలిసికొనిరి. 2010లో అనూషా యాదవ్ ప్రారంభించిన ఇండియన్ మెమరీ ప్రాజెక్టు ఇంటింటి పటములను వాని కథలతో కూర్చుచున్నది. మన సీమవారును అట్టి యుద్యమమునకు పూనుకొనవలెను. పటమును లామినేషను చేయింపకుడు, అంటుకాగితము తగిలింపకుడు. ఇరువైపుల స్కాను తీయించి, మెత్తని పెన్సిలుతో వెనుక అంచున పేరు, ఊరు, చెప్పినవారి పేరు, తేదీ వ్రాయుడు. పదిమందికి చూపునప్పుడు మాత్రము ఇంటివారి అనుమతి తీసికొనుడు. తెలియనిదానిని తెలియదనియే వ్రాయుడు. ఇంట పెద్దవారుండగానే ఈ పని చేయుడు. వారు పోయిన పిమ్మట ఏ రిజిస్టరును వారి నోటిమాటను తిరిగి తేజాలదు.