ఆటల మధ్యలో కంప్యూటరు ఆగిపోవడం

త్రిమితీయ ఆటలు ఆడుతున్నపుడు కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోతే సాధారణంగా గ్రాఫిక్స్ కార్డునే అనుమానిస్తారు. వేడి, విద్యుత్తు సరఫరా, డ్రైవరు లోపాలు కూడా ఇవే లక్షణాలు చూపుతాయి కనుక వాటిని పరీక్షించకుండా కొత్త కార్డు కొనడం దండగ.

వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ముందుగా చూడవలసినది వేడి. రోడ్ల దుమ్ము కార్డు ఫ్యానుకు, దాని కింది లోహపు రేకులకు పట్టి గాలిని అడ్డుకుంటుంది. క్యాబినెట్ మూత తీసి ఎదురుగా టేబులు ఫ్యాను పెట్టినపుడు ఆట ఆగకుండా సాగితే లోపం వేడిదే అనుకోవచ్చు. శుభ్రం చేసే ముందు విద్యుత్తు తప్పక ఆపివేయాలి.

పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లే ఇస్తుంది. పెద్ద కార్డులకు మిగిలినది ఎస్ఎంపీఎస్ నుండి విడి తీగల ద్వారా అందాలి. కంప్యూటరు మొత్తం ఆరిపోయి తిరిగి మొదలవుతుంటే ఎస్ఎంపీఎస్‌ను మార్చి చూడాలి. డ్రైవరు స్పందించుట లేదన్న సందేశం వస్తే దానిని పూర్తిగా తొలగించి మరల స్థాపించాలి.

కంప్యూటరు మొదలయ్యే తొలి తెరపైనే గళ్ళు, చారలు కనిపిస్తే కార్డే చెడిపోయి ఉండవచ్చు. 2008లో ఎన్విడియా సంస్థ కొన్ని ల్యాప్‌టాప్ చిప్పులలో ప్యాకేజింగు పదార్థం బలహీనంగా ఉన్నదని ప్రకటించి, మరమ్మతులకు 150 నుండి 200 మిలియను డాలర్లు కేటాయించింది. కార్డును ఓవెనులో వేడిచేసే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. పనిచేసినా అది తాత్కాలికమే, పైగా ఆ పొగలు హానికరం. అంతకన్నా కార్డును మరొక కంప్యూటరులో అమర్చి అదే ఆట ఆడి చూడటం మేలు.